నార్మలా, 95ఆ, 100ఆ? సీమ ఎండల్లో మీ బైక్‌కు సరిపోయే పెట్రోలు

కర్నూలైనా, అనంతపురమైనా, కడపైనా బంకులో బండి ఆపగానే పైపు పట్టుకున్న అబ్బాయి అడిగే మాట ఒకటే: "నార్మలా అన్నా, పవరా?" వెనక నాలుగు బండ్లు హారన్ కొడుతుంటాయి, ఆలోచించే టైమ్ ఉండదు. కొత్త బైక్ కొన్న కుర్రాడు "పవరే కొట్టు" అంటాడు. పదేళ్ల స్ప్లెండర్ తోలే ఆయన "నార్మల్ చాల్లేప్పా" అంటాడు. ఇద్దరూ అలవాటుకొద్దీ చెప్పేవాళ్లే ఎక్కువ. ఏడాదికి వేల రూపాయలు పోసే సరుకు గురించి ఒక్కసారి కూర్చుని లెక్క చూసుకుంటే మళ్లీ బంకులో తడబడే పని ఉండదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన మూడు ఊళ్లలో తిరిగే బైక్‌లలో ఎక్కువ శాతానికి మామూలు పెట్రోలే సరైన పెట్రోలు. ఖరీదైన పెట్రోలు నిజంగా కావాల్సిన బండ్లు కొన్ని ఉన్నాయి, అవి ఏవో కింద చెప్తాను. మిగతావాళ్లు ఆ డబ్బు బండికే ఖర్చు పెట్టాలనుకుంటే అంతకంటే మంచి చోట్లు ఉన్నాయి.

## ఆక్టేన్ అంటే బలం కాదు

"పవర్" అని పేరు పెట్టి అమ్మడం వల్ల చాలామందికి ఆక్టేన్ పెరిగితే పికప్ పెరుగుతుందని నమ్మకం కుదిరింది. అసలు సంగతి వేరు. ఇంజన్ లోపల పిస్టన్ పైకి వస్తూ పెట్రోలు, గాలి కలిసిన ఆవిరిని గట్టిగా నొక్కుతుంది. నొక్కేకొద్దీ అది వేడెక్కుతుంది. ప్లగ్ నిప్పురవ్వ వేశాక మంట ఒక చివర నుంచి ఇంకో చివరకు వరసగా పాకాలి. మంట ఇంకా చేరని మూలలో మిగిలిన ఆవిరి వేడికి తట్టుకోలేక తనంతట తానే భగ్గుమంటే దాన్నే నాకింగ్ అంటాం. అలా తొందరపడి అంటుకోకుండా పెట్రోలు ఎంతవరకు ఓర్చుకుంటుందో చెప్పే నంబరే ఆక్టేన్. ఐసో-ఆక్టేన్ అనే రసాయనానికి 100, హెప్టేన్‌కు 0 అని పెట్టుకుని, ఆ రెండింటితో పోల్చి మిగతావాటికి నంబరు ఇస్తారు.

కాబట్టి లీటరు 95లో లీటరు 91 కంటే ఎక్కువ శక్తి దాగి ఉండదు. ఎక్కువ ఓర్పు ఉంటుంది, అంతే. మీ ఇంజన్ ఆ ఓర్పును అడగకపోతే మీరు కట్టిన అదనపు డబ్బుకు అక్కడ పని లేదు. అలాగే "100 పోస్తే ఇంజన్ కాలిపోతుంది" అన్న భయం కూడా అక్కర్లేదు. ఎక్కువ ఆక్టేన్ వల్ల ఇంజన్ పాడవదు.

అమెరికాలో ఉన్న అన్న, బావ "ఇక్కడ అందరం 87 కొట్టిస్తాం, 91 అంటే ప్రీమియం" అని చెప్పి ఉంటే కంగారుపడకండి. అక్కడ కొలిచే పద్ధతి వేరు. వాళ్ల 87 మన లెక్కలో దాదాపు 91కి, వాళ్ల 91 మన లెక్కలో సుమారు 95, 96కి సమానం. అమెరికన్ వీడియోలు చూసి మన బంకులో నంబరు ఎంచుకుంటే తప్పుదారి పడతాం.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

అన్నింటికంటే ముందు, బండితో ఇచ్చిన మాన్యువల్. షోరూమ్‌లో ఇచ్చిన రోజు నుంచి బీరువాలో ఆర్‌సీ పక్కనే పడి ఉండే ఆ చిన్న పుస్తకంలో ఇంధనం గురించి ఒక పేజీ ఉంటుంది. కనీసం ఎంత ఆక్టేన్ కావాలో, పెట్రోలులో కలిపే ఎథనాల్ అనే ఆల్కహాల్ ఎంత శాతం వరకు ఫర్వాలేదో అక్కడే రాస్తారు. ఇంజన్ తయారు చేసినవాడి మాట ముందు మెకానిక్ మాట, ఫ్రెండ్ మాట, నా మాట కూడా దిగదుడుపే. పుస్తకం పోయి ఉంటే కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. పెట్రోలు మూత దగ్గర స్టిక్కర్ కూడా చూడండి. ఈ20కి, అంటే 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలుకు, తగ్గట్టు చేసిన బండ్లకు అక్కడ ఈ20 అని అంటించి ఉంటుంది.

రెండోది కంప్రెషన్ రేషియో. ఇంజన్ ఆవిరిని ఎన్నింతలు నొక్కుతుందో చెప్పే అంకె అది. ఎంత ఎక్కువ నొక్కితే అంత ఓర్పు ఉన్న పెట్రోలు కావాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ పాత క్లాసిక్ 350 (కిక్కర్, సెల్ఫ్ రెండూ ఉన్న ఇంజన్) 8.5, ఇప్పటి క్లాసిక్ 350 9.5. హిమాలయన్ 411 కూడా 9.5 దగ్గరే ఉంటే, హిమాలయన్ 450 మాత్రం 11.5కు వెళ్లింది. యమహా ఆర్15 కొత్త మోడళ్లు 11.6. కేటీఎం 390 డ్యూక్ 12 దాటుతుంది. స్ప్లెండర్ తరహా వంద సీసీ బండ్లు 10 లోపే ఉంటాయి. 10 లోపు ఉంటే ఆక్టేన్ గురించి ఆలోచించే పనే లేదు. 11 దాటితే మాన్యువల్ తెరవాలి. అయితే ఈ అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. నీళ్లతో చల్లబడే ఇంజన్, నాలుగు వాల్వుల హెడ్, మంచి ఎలక్ట్రానిక్స్ ఉంటే 11.6 ఉన్న బండి కూడా మామూలు పెట్రోలుతో హాయిగా నడుస్తుంది.

మూడోది మన ఎండ. ఇది బయటివాళ్లు రాసిన సలహాల్లో కనిపించదు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో 43, 44 డిగ్రీలు కొత్త కాదు, కడప కూడా తక్కువేం తినదు. ఇంజన్ పీల్చే గాలి ఎంత వేడిగా ఉంటే నాకింగ్‌కు అంత అవకాశం. గాలిలో తేమ ఉంటే కొంత ఆపుతుంది, కానీ మన వేసవి గాలి పొడి గాలి. అందుకే కోస్తాలో ఏ శబ్దం చేయని బండి మన దగ్గర మధ్యాహ్నం రెండు గంటలకు ఇద్దరు ఎక్కి ఘాట్ ఎక్కుతుంటే గొణగడం మొదలుపెట్టొచ్చు. ఎత్తు మాత్రం మనకు మేలే చేస్తుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పల్చబడి ఆక్టేన్ అవసరం తగ్గుతుంది. హార్స్‌లీ హిల్స్‌కు పోతున్నామని ప్రత్యేకంగా ప్రీమియం పోయించుకునేవాళ్లు ఉన్నారు. అక్కడ ఇంజన్‌ను కష్టపెట్టేది ఎత్తు కాదు, ఎక్కేటప్పుడు పడే లోడు.

నాలుగోది ఎథనాల్, ఐదోది డబ్బు. ఈ రెండూ కింద ఒక్కో పెట్రోలు దగ్గర వస్తాయి.

## బంకులో దొరికేవి పక్కపక్కన

| | మామూలు పెట్రోలు | బ్రాండెడ్ 95 | 100 ఆక్టేన్ | ఆక్టేన్ బూస్టర్ బాటిల్ |
|---|---|---|---|---|
| ఓర్పు | చాలా బండ్లకు చాలినంత | కొంచెం ఎక్కువ లేదా దాదాపు అంతే | చాలా ఎక్కువ | బాటిల్‌ను బట్టి, చాలాసార్లు నామమాత్రం |
| ఎథనాల్ | ఉంటుంది | ఉంటుంది | అమ్మే కంపెనీని అడిగి తెలుసుకోవాలి | పెట్రోలులో ఉన్నది అలాగే ఉంటుంది |
| శుభ్రం చేసే మందులు | ప్రత్యేకంగా ప్రచారం చేయరు | కలుపుతారు | కలుపుతారు | రకాన్ని బట్టి |
| ధర | బోర్డు ధర | లీటరుకు కొన్ని రూపాయలు ఎక్కువ | చాలా ఎక్కువ | బాటిల్‌కు విడిగా |
| దొరకడం | ప్రతి బంకు | పట్నాల్లో, హైవే మీద చాలా చోట్ల | ఎంపిక చేసిన కొన్ని బంకులు | యాక్సెసరీస్ షాపులు, ఆన్‌లైన్ |
| ఎవరికి | దాదాపు అందరికీ | మాన్యువల్ 95 అడిగినవాళ్లకు, నాకింగ్ తగ్గనివాళ్లకు | పెద్ద స్పోర్ట్స్ బైక్‌లు, ట్రాక్‌కు వెళ్లేవాళ్లు | చాలామందికి అక్కర్లేదు |

### మామూలు పెట్రోలు

ఇప్పుడు బంకులో వచ్చే మామూలు పెట్రోలు మన నాన్నల కాలం నాటిది కాదు. కేంద్ర పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో ఇచ్చిన వివరణ ప్రకారం, ఒకప్పుడు 88 ఆక్టేన్ ఉన్న మామూలు పెట్రోలు బీఎస్-6 కాలుష్య నిబంధనలతో 91కి వచ్చింది, 20 శాతం ఎథనాల్ కలిశాక 95 దగ్గరికి చేరింది. ఎథనాల్ సొంత ఆక్టేన్ నూటికి పైనే, అందుకే కలిపేకొద్దీ నంబరు పెరుగుతుంది. ఈ ఒక్క విషయం తెలిస్తే "నార్మలా, పవరా" అన్న ప్రశ్న సగం తేలిపోయినట్టే. ఐదారేళ్ల కింద 91కీ 95కీ మధ్య ఉన్న దూరం ఇప్పుడు చాలావరకు లేదు.

దీనికి ఇంకో వైపూ ఉంది. లీటరు ఎథనాల్‌లో లీటరు పెట్రోలు కంటే శక్తి సుమారు మూడో వంతు తక్కువ. కాబట్టి మైలేజీ కాస్త పడుతుంది. పాత పద్ధతిలో డిజైన్ చేసి 10 శాతం ఎథనాల్‌కు సర్దిన టూవీలర్లు ఈ20 మీద నడిస్తే 3 నుంచి 4 శాతం మైలేజీ తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది. లీటరుకు 60 ఇచ్చే బండి 58 ఇస్తుందన్నమాట. మీ బండి అంతకంటే బాగా పడిపోయిందంటే తప్పు ఎథనాల్ మీద తోసేసి ఊరుకోకండి. ఎయిర్ ఫిల్టర్, బ్రేకులు పట్టేయడం, టైర్లలో గాలి, వీటిని ముందు చూడండి.

### బ్రాండెడ్ 95

ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ95, హెచ్‌పీ పవర్95 ఈ కోవవి. భారత్ పెట్రోలియం స్పీడ్ పేరుతో అమ్ముతుంది. దాని నంబరు బంకులో పంపు మీదే చూసుకోండి. వీటిలో నిజంగా అదనంగా దొరికేది శుభ్రం చేసే మందు. ఇన్‌టేక్ వాల్వుల మీద, ఇంజెక్టర్ మూతి దగ్గర మసి పేరుకోకుండా అది కొంత కాపాడుతుంది. రోజూ ట్రాఫిక్‌లో చిన్న చిన్న దూరాలు తిరిగే ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి అప్పుడప్పుడు ఒక ట్యాంకు పోయించడంలో తప్పు లేదు. ప్రతిసారీ అదే పోయించాలన్న నియమం మాత్రం ఎక్కడా లేదు.

లెక్క వేద్దాం. మీ బంకులో తేడా లీటరుకు 8 రూపాయలు అనుకుందాం. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగే, లీటరుకు 60 ఇచ్చే బండికి 25 లీటర్లు పడతాయి. అంటే నెలకు 200, ఏడాదికి 2,400 రూపాయలు అదనం. మామూలు పెట్రోలు 110 అయితే ఈ ఎనిమిది రూపాయలు రాబట్టుకోవడానికి మైలేజీ 60 నుంచి 64 దాటాలి. కేవలం ఆక్టేన్ మారితే అంత పెరగదు. అదే 2,400లో రెండు సార్లు మంచి ఇంజన్ ఆయిల్ మార్పించి, ఒక ప్లగ్, ఒక ఎయిర్ ఫిల్టర్ వేయించినా చాలా బండ్లకు ఇంకా చిల్లర మిగులుతుంది. వాటి ఫలితం బండి తోలేటప్పుడే తెలుస్తుంది.

ఎథనాల్ తప్పించుకోవాలని 95 పోయించుకునేవాళ్లకు ఒక మాట: అందులోనూ ఎథనాల్ ఉంటుంది. ఆ పని దీనితో జరగదు.

చిన్న ఊళ్లలో ఇంకో సంగతి చూసుకోవాలి. మామూలు పెట్రోలు రోజూ అమ్ముడుపోతుంది, ట్యాంకర్ వస్తూనే ఉంటుంది. ప్రీమియం అడిగేవాళ్లు తక్కువగా ఉన్న బంకులో అదే సరుకు ఎక్కువ రోజులు అడుగున నిల్వ ఉండొచ్చు. తాజా మామూలు పెట్రోలుకు, పాతబడ్డ ప్రీమియంకు మధ్య ఎంచుకోవాల్సి వస్తే నేను మొదటిదే తీసుకుంటాను. ప్రీమియం కావాలనుకుంటే రద్దీ ఎక్కువగా ఉండే హైవే బంకుల్లో పోయించుకోండి.

### 100 ఆక్టేన్

ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ100ను 2020 డిసెంబరులో తెచ్చింది. ఢిల్లీలో అప్పుడే లీటరు 160 రూపాయలు. ఇది బాగా ఎక్కువ కంప్రెషన్ ఉన్న పెద్ద బైక్‌లకు, ట్రాక్ మీద బండిని పిండేవాళ్లకు ఉద్దేశించింది. 150 సీసీ బండికి దీన్ని పోయడం వల్ల వచ్చేది మనసుకు తృప్తి మాత్రమే. మన దగ్గర ప్రయాణం ప్లాన్ చేసేటప్పుడు దారిలో ఇది దొరుకుతుందన్న లెక్క పెట్టుకోవద్దు.

### బూస్టర్ బాటిళ్లు

"10 పాయింట్లు పెంచుతుంది" అని రాసి ఉంటే 91 కాస్తా 101 అవుతుందనుకోవద్దు. ఈ వ్యాపారంలో చాలా బాటిళ్ల మీద ఒక పాయింట్ అంటే ఆక్టేన్‌లో పదో వంతు. పది పాయింట్లు అంటే ఒక్క నంబరు. పైగా మాంగనీస్ ఉండే కొన్ని మందులు ప్లగ్ మీద పొరలా పేరుకుంటాయి. నిజంగా ఓర్పు ఉన్న పెట్రోలు కావాలంటే బంకులో 95 పోయించుకోవడమే చవక, సురక్షితం.

రెండు రకాలు కలిపితే ఏమవుతుందని చాలామంది అడుగుతారు. ఏమీ కాదు. సగం ట్యాంకు నార్మల్ ఉండగా 95 పోయించుకుంటే మధ్యలో ఎక్కడో ఉండే ఆక్టేన్ వస్తుంది. ఇంజన్ దాన్ని పట్టించుకోదు.

## నాకింగా, ట్యాపెట్లా?

పెట్రోలు మార్చాలా వద్దా అన్నది చివరికి మీ చెవి తేల్చాలి. ఈ పని నేర్చుకోవడానికి కడప నుంచి రాయచోటి వైపు వెళ్లే గువ్వలచెరువు ఘాట్ కంటే మంచి చోటు లేదు. ఎండాకాలం మధ్యాహ్నం, వెనక ఒక మనిషి, నాలుగో గేరు, వేగం 35కి పడిపోయింది, అయినా గేరు దించకుండా యాక్సిలరేటర్ తిప్పేశారు. అప్పుడు ట్యాంకు కింద నుంచి రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు గలగలమని ఒక సన్నని లోహపు శబ్దం వస్తే అది నాకింగ్. యాక్సిలరేటర్ కాస్త వదిలితే ఆగిపోతుంది. గేరు ఒకటి దించితే కూడా ఆగిపోతుంది. మళ్లీ లోడు పడితే మళ్లీ వస్తుంది.

ట్యాపెట్ల (వాల్వులను తెరిచే భాగాల) శబ్దం అలా ఉండదు. బండి స్టాండు వేసి ఊరికే స్టార్ట్ చేసినా టికటికమంటుంది, రేజ్ చేస్తే దాంతోపాటే వేగం పెరుగుతుంది, లోడుతో పెద్దగా సంబంధం ఉండదు. ట్యాపెట్లు వదులైన బండికి 95 పోయించి నెల రోజులు చూసేవాళ్లు ఉన్నారు. సెట్ చేయించుకుంటే అరగంట పని. వదులైన చైన్ చప్పుడును కూడా నాకింగ్ అనుకుంటుంటారు.

నిజంగానే నాకింగ్ అని తేలితే వెంటనే ఖరీదైన పెట్రోలు వైపు పరుగెత్తకండి. వరసగా ఇవి చూడండి.

మొదట మీ తోలే తీరు. పై గేరులో తక్కువ వేగంతో ఇంజన్‌ను ఈడ్పించడం నాకింగ్‌కు అతి పెద్ద కారణం. మైలేజీ వస్తుందని ఘాట్‌లో కూడా టాప్ గేరు వదలనివాళ్లు లీటరుకు రెండు కిలోమీటర్లు మిగుల్చుకుని పిస్టన్‌ను అరగదీసుకుంటున్నారు. గేరు దించండి.

తర్వాత ప్లగ్. మెకానిక్‌ను విప్పమని చెప్పి వెలుతురులో చూడండి. మూతి లేత గోధుమ రంగులో ఉంటే ఇంజన్ బాగుంది. పిండి పూసినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు పాలు తక్కువై వేడెక్కుతోంది. తెల్లటి పింగాణీ మీద మిరియపు గింజ కంటే చిన్న చుక్కలు, వెండి మెరుపులు కనిపిస్తే పిస్టన్ అల్యూమినియం కరిగి అంటుకుంటోందని అర్థం. అప్పుడు బండి తోలడం ఆపి వెంటనే చూపించాలి. కార్బురేటర్ ఉన్న పాత బండ్లలో ఈ తెల్లదనం ఇప్పుడు ఎక్కువగా కనిపించడానికి ఒక కారణం ఉంది. ఎథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమం కాస్త పల్చబడుతుంది. ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ సెన్సార్ ఉన్న ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి దాన్ని తానే సర్దుకుంటుంది, కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. తెలిసిన మెకానిక్ స్క్రూ సర్దో, జెట్ మార్చో సరిచేస్తాడు. దానికి 95 మందు కాదు.

ఆ తర్వాత పిస్టన్ తల మీద పేరుకున్న మసి. చాలా ఏళ్లు తిరిగిన ఇంజన్‌లో ఆ మసి పొర వల్ల లోపలి చోటు తగ్గి, కంప్రెషన్ పెరిగి, ఒకప్పుడు లేని నాకింగ్ మొదలవుతుంది. ఇంజన్ ఆయిల్ తగ్గిపోయినా, ఇంజన్ రెక్కల మధ్య బురద గట్టిపడి గాలి ఆడకపోయినా ఇదే పరిస్థితి. అనంతపురం పల్లెల్లో దుక్కి దున్నిన చేల పక్క దారుల్లో తిరిగే బండ్లకు ఆ రెక్కల మధ్య ఎర్రమట్టి ఇటుకలా పట్టేసి ఉంటుంది. కడిగించండి, తేడా తెలుస్తుంది.

ఇవన్నీ చూశాక కూడా ఎండలో, లోడులో గలగల ఆగకపోతే అప్పుడు మూడు, నాలుగు ట్యాంకులు 95 పోయించి చూడండి. ఆగితే వేసవి నాలుగు నెలలు అదే వాడండి. అది అక్కర్లేని ఖర్చు కాదు, ఇంజన్‌ను కాపాడుకోవడం.

## ఎవరికి ఏది

రోజూ డ్యూటీకి వెళ్లే 100, 125 సీసీ బండ్లు, స్కూటర్లు. మామూలు పెట్రోలు. ఇందులో రెండో ఆలోచన వద్దు.

మూటలు మోసే బండ్లు. శెనక్కాయ మూటలు, పాలక్యాన్లు వేసుకుని తిరిగే మోపెడ్లు, పాత బైక్‌లకూ మామూలుదే. కానీ వీళ్లు పైన చెప్పిన గేరు, ప్లగ్, మట్టి సంగతులు అందరికంటే శ్రద్ధగా చూసుకోవాలి. లోడు వీళ్లకే ఎక్కువ.

క్లాసిక్, బులెట్ 350లు. ఇంజన్ పెద్దది కాబట్టి పెట్రోలు కూడా పెద్దది కావాలన్న అపోహ వీళ్లలో ఎక్కువ. సీసీకి ఆక్టేన్‌కు సంబంధం లేదు, కంప్రెషన్‌కే సంబంధం. 9.5 ఉన్న ఇంజన్‌కు మామూలుది చాలు.

ఆర్15, డ్యూక్ 200, హిమాలయన్ 450 లాంటివి. మాన్యువల్ ఏం చెప్తే అది. 91 చాలని రాస్తే చాలు. ఊళ్లో మామూలుది పోయిస్తూ, ఎండాకాలం బెంగళూరు హైవే మీద గంటల తరబడి లాగించే రోజున, శ్రీశైలం ఘాట్ ఎక్కే రోజున 95 పోయించుకోవడం నాకు సబబుగా తోస్తుంది. ఆ ఖర్చు ఏడాదికి కొద్ది వందలు దాటదు.

డ్యూక్ 390, అంతకంటే పెద్దవి. 95 మీ బడ్జెట్‌లో పెట్టుకునే బండి కొనండి. మాన్యువల్ 95 అడిగితే అది సలహా కాదు, షరతు. పల్లెటూరి బంకులో దొరక్కపోతే కంగారు వద్దు. మామూలుది కొద్దిగా పోయించుకుని, నింపాదిగా తోలుతూ పెద్ద బంకు దాకా వెళ్లండి.

పాత కార్బురేటర్ బండ్లు, ఆర్‌ఎక్స్ 100లు. వీళ్ల సమస్య ఆక్టేన్ కానే కాదు. అప్పటి ఇంజన్లు చాలా తక్కువ కంప్రెషన్‌వి, ఏ పెట్రోలైనా ఓర్చుకుంటాయి. సమస్య ఎథనాల్‌కు తట్టుకోని రబ్బరు. పెట్రోలు పైపు, కార్బురేటర్ ఓ-రింగులు, ట్యాప్ వాషరు ఉబ్బడం, పగలడం, కారడం జరుగుతుంది. ప్రీమియం మీద పెట్టే డబ్బు వీటి మీద పెట్టండి. ఎథనాల్‌కు తట్టుకునే పైపు, రింగులు అడిగి వేయించుకోండి, ఏడాదికోసారి తడిమి చూడండి. టూ-స్ట్రోక్ బండి వాళ్లు ఆయిల్ పాలు తగ్గించొద్దు.

గుంతకల్లు, రాయదుర్గం, ఆదోని వైపు వాళ్లకు ఇంకో ఆలోచన వస్తుంది. మన రాష్ట్రంలో పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం, దానిమీద లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు మరో రూపాయి. అందుకే కర్ణాటక బోర్డు ధర చూస్తే మనసు లాగుతుంది. బళ్లారికి పని మీద వెళ్తే నింపుకుని రండి. దానికోసమే వెళ్తే లాభం లేదు. లీటరుకు 6 రూపాయలు మిగిలినా పది లీటర్లకు 60, రానూపోనూ 50 కిలోమీటర్లకే 90 రూపాయల పెట్రోలు కాలుతుంది.

## నంబరు కంటే బంకు ముఖ్యం

95 అని రాసిన పంపు నుంచి నీళ్లు కలిసిన పెట్రోలు వస్తే ఆ నంబరుకు విలువ లేదు. అందుకే ఒక నమ్మకమైన బంకు చూసుకుని అక్కడే పోయించుకోవడం ఏ ఆక్టేన్ కంటే మేలు. అనుమానం వస్తే అడగడం మీ హక్కు, మొహమాటం వద్దు. ప్రతి బంకులో ఫిల్టర్ పేపర్ ఉండాలి. దాని మీద ఒక చుక్క పెట్రోలు వేస్తే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోవాలి. మరక మిగిలితే కల్తీ అనుమానించాలి. కొలత మీద అనుమానమైతే ముద్ర వేసిన ఐదు లీటర్ల జాడీలో పట్టి చూపించమనండి. ఆ రోజు సాంద్రత రాసిన బోర్డు లేదా రిజిస్టర్ కూడా చూపించమనొచ్చు.

ఎథనాల్ నీళ్లను పీల్చుకుంటుంది. నీళ్లు మితిమీరితే ఎథనాల్, నీళ్లు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. పైన మిగిలిన పెట్రోలు ఆక్టేన్ కూడా అప్పుడు పడిపోతుంది. అందుకే పెద్ద వాన పడి బంకు ఆవరణలో నీళ్లు నిలిచిన రోజున నేనైతే అక్కడ పోయించుకోను, మరుసటి రోజు దాకా ఆగుతాను. మీ సొంత ట్యాంకు మూత రబ్బరు కూడా చూసుకోండి. మన ఎండకు అది గట్టిపడి పగిలి వాన నీళ్లు లోపలికి వదులుతుంది. తెల్లవారుజామున పోయించుకుంటే ఎక్కువ పెట్రోలు వస్తుందన్న మాటలో పస లేదు. ట్యాంకు భూమి లోపల ఉంటుంది, రాత్రికీ పగటికీ అక్కడ వేడి పెద్దగా మారదు.

## నెలల తరబడి బండి వదిలి వెళ్లేవాళ్లకు

కడప, రాయచోటి నుంచి కువైట్ వెళ్లేవాళ్లు, బెంగళూరులో ఉద్యోగం దొరికి ఇంటి దగ్గర బండి వదిలేసేవాళ్లు మన దగ్గర చాలామంది. వాళ్లకు ఏ నంబరు పెట్రోలన్నది ముఖ్యం కాదు, దాన్ని ఎలా వదిలి వెళ్తున్నారన్నదే ముఖ్యం. రెండు, మూడు నెలలే అయితే ట్యాంకు నిండా తాజా మామూలు పెట్రోలు పోయించి పెట్టండి. లోపల గాలి తక్కువ ఉంటే తేమ, తుప్పు రెండూ తక్కువ. కార్బురేటర్ బండి అయితే ట్యాప్ మూసి, ఆగిపోయేదాకా నడిపి, అడుగు గిన్నెలో మిగిలింది కూడా స్క్రూ విప్పి తీసేయండి. ఇంజెక్షన్ బండి అయితే ఇంట్లో ఎవరినైనా రెండు వారాలకోసారి ఊరి చివరి దాకా తిప్పి తెమ్మనండి. ఊరికే స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఉంచితే చాలదు, ఇంజన్ బాగా వేడెక్కాలి. ఏడాది, రెండేళ్లు రానివాళ్లు ట్యాంకు ఖాళీ చేయించి, లోపల పల్చగా ఇంజన్ ఆయిల్ తిప్పి, బ్యాటరీ తీసి పెట్టి వెళ్లండి. తిరిగొచ్చాక పెట్రోలు పైపు కొత్తది వేయించి, ఆ ఆయిల్‌ను కొద్దిపాటి పెట్రోలుతో కడిగించి, ఆ తర్వాతే కొత్త పెట్రోలు పోసి స్టార్ట్ చేయండి.